అల్లం కుప్ప దగ్గర మా జువాలజీ మేడం

మేడం పోయారన్న సంగతి నాకు చిరాగ్‌పల్లి దగ్గర తెలిసింది. ముందెక్కడో లారీ అడ్డం తిరిగి హైవే మీద బండ్లన్నీ నిలిచిపోయాయి. బస్సులో ఉక్కపోత. ఫోన్ మోగింది. మేడం తమ్ముడు. జహీరాబాద్‌లో ఆయనకు బట్టల దుకాణం ఉంది. గిరాకీ మొదలయ్యే వేళ నాకు ఫోన్ చేసే మనిషి కాదు.

"అన్నా, అక్క పోయింది. పొద్దుగాల చాయ్ తాగి కుర్చీల కూసున్నది. మళ్ల లెవ్వలే."

ఏదో అన్నాను. ఏమన్నానో గుర్తు లేదు. పక్క సీటాయన "అంత మంచిదేనా సార్?" అని అడిగాడు. మా టీచరు చనిపోయారని చెప్పాను. వయసెంతన్నాడు. డెబ్బై దాటాయన్నాను. "అయితె మంచిగనే బతికిన్రు," అని కిటికీ వైపు తిరిగాడు. చావును వయసుతో తూచి పక్కన పెట్టే ఈ పద్ధతి మీద ఒకప్పుడైతే అక్కడే తగవు పెట్టుకునేవాడిని. ఆ రోజు పెట్టుకోలేదు. ఓపిక లేదు.

నిజం చెప్పాలంటే ఈ మధ్య స్మృతులు రాయడానికే ఓపిక ఉండటం లేదు. ఊరేగింపుల్లో మాతో నడిచినవాళ్లు, కరపత్రాలు మోసినవాళ్లు, మమ్మల్ని తిట్టి మరీ అన్నం పెట్టినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. "నువ్వయితే బాగ రాస్తవు" అంటూ నాకు ఫోన్లు వస్తాయి. కూర్చుంటే చేతికి అవే మాటలు తగులుతాయి. తీరని లోటు. ఆశయ సాధన. మేడం గురించి ఆ మాటలు రాస్తే ఆమె ఎర్రసిరాతో కొట్టేసేవారు. "లోటంటె ఏంది? దేన్ల లోటు? ఎంత?" అని మార్జిన్‌లో రాసేవారు. అందుకని ఆమె ఏం పని చేశారో అదే చెబుతాను.

ఆమె పొలుసు పురుగుల మనిషి.

ఇది చదివేవాళ్లలో చాలామంది ఆ పురుగును చూసే ఉంటారు, చూశామని తెలియకుండా. చెరకు గడ మీద, మామిడాకు మీద, అల్లం కొమ్ము మీద బూడిదరంగులో చిన్న చిన్న బిళ్లలు అతుక్కుని ఉంటాయి. మట్టి అనుకుంటాం, సున్నం అనుకుంటాం. గోటితో గీకితే ఊడివస్తాయి. ఒక్కో బిళ్ల కింద ఒక్కో ఆడ పురుగు కాపురం ఉంటుంది. జహీరాబాద్ బస్టాండు వెనక రేకుల షెడ్డుల్లో నడిచిన ఒక ప్రైవేటు కాలేజీలో ఈ సంగతి మాకు చెప్పారు మేడం. ఆ కాలేజీ ఇప్పుడు లేదు. అక్కడ ఫంక్షన్ హాలు కట్టారు. మా బ్యాచ్ అంతటికీ ఉన్నది ఒక్క మైక్రోస్కోపే. వరసలో నిలబడి, ఒక కన్ను మూసుకుని, వంగి చూసేవాళ్లం.

"ఏం కనవడ్డది?"

"బిళ్ల మేడం."

"అది దాని ఇల్లు. ఇల్లు చూసి ఇంట్లున్నోళ్ల పేరు చెప్తవా? లేపు."

సూదితో కవచం లేపితే కింద పచ్చటి సంచిలాంటి ఒళ్లు కనిపించేది. కాళ్లు లేవు, రెక్కలు లేవు, కళ్లు లేవు. వెంట్రుకకంటే సన్నటి మూతి మాత్రం కొమ్ములోకి దిగి ఉంటుంది. విడిచిన చర్మాలు, మైనం, తన మలం, అన్నీ కలిపి ఆ కవచం కట్టుకుంటుందట. "ఇది తేనె లెక్క తీపి రసం కార్చది, అందుకే దీని కాడికి చీమలు రావు. చీమలొచ్చే పొలుసు పురుగు ఏరే కులం," అనేవారు. వెంటనే నాలుక కరుచుకుని, "కులం కాదు, కుటుంబం," అని సరిదిద్దుకునేవారు. క్లాసంతా నవ్వేది. వెనక బెంచీలో నేను మాత్రం నవ్వేవాడిని కాదు. అప్పటికే నాకు కోపం ఎక్కువ.

కవచాన్ని చూసి జాతి చెప్పడం ఆమె లెక్కలో పెద్ద తప్పు. రెండు వేరు జాతుల కవచాలు అచ్చంగా ఒకేలా ఉండొచ్చు. పురుగును కాస్టిక్ పొటాష్‌లో నానబెట్టి, లోపలి కొవ్వంతా పోగొట్టి, రంగు పట్టించి, లవంగనూనెలో ముంచి, గాజు పలక మీద పరచాలి. అప్పుడు తోక చివర ఒక పలక కనిపిస్తుంది. దాని అంచున పళ్లు ఉంటాయి, పళ్ల మధ్య అంచులు చిరిగిన పొరలు ఉంటాయి. ఏ పన్ను వెడల్పు, ఏ సందు ఇరుకు, అదే ఆ పురుగు ఆనవాలు. ఈ పని ఆమె ఇంట్లోనే చేసేవారు, వంటగది పక్క అరుగు మీద. ఇల్లంతా లవంగం వాసన. చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు "పన్ను నొస్తున్నదా?" అని అడిగేవారు. అవునని చెప్పి పంపించేవారు. "పొలుసు పురుగు తోక చూస్తున్న అంటె ఇంకోసారి రారు," అనేవారు.

మా ప్రాంతపు అల్లం మీద కనిపించేదాన్ని ఆస్పిడియెల్లా హార్టీ అంటారు. అల్లం, పసుపు, కంద, అన్నింటి మీదా ఉంటుంది. మొదట వేరే ప్రజాతిలో పెట్టి, తర్వాత ఇందులోకి మార్చారట. "పురుగు కూసున్న కాడనే కూసున్నది, మనమే దాని ఇల్లు మార్పించినం," అనేవారు మేడం.

చదువైపోయాక నేను వ్యాసాల్లో పడ్డాను. ఒకసారి భూస్వాములను పొలుసు పురుగులతో పోలుస్తూ ఒకటి రాశాను. కవచం కింద కదలకుండా కూర్చుని ఊరి రసం పీల్చేవాళ్లని. నాకు బాగా నచ్చిన వ్యాసం అది. పత్రిక తీసుకెళ్లి ఆమెకిచ్చాను. నిలబడే చదివారు.

"పురుగుకేం ఎరుక దొరతనం? దాన్నెందుకు తిట్టినవు?"

"పోలిక మేడం."

"మనిషిని తిట్టాలంటె మనిషి పేరే పెట్టి తిట్టు. పురుగు సాటుకెందుకు పోతవు? భయమా?"

అప్పటినుంచి నా వ్యాసాల్లో పురుగు లేదు, పాము లేదు, నక్క లేదు. పేర్లే ఉన్నాయి. దాంతో నాకు వచ్చిన తిప్పలన్నిటికీ బాధ్యత ఆమెదే.

అసలు చెప్పదలచుకున్నది మా పెద్దమ్మ ఇంటి సంగతి.

పెద్దమ్మది మొగుడంపల్లి. అల్లం పండిస్తారు. ఆ ఇళ్లల్లో ఒక రివాజు ఉంది. కొత్త కోడలు వచ్చేటప్పుడు ఒడిబియ్యంతో పాటు పుట్టింటి పొలంలోని విత్తనపు అల్లం కూడా కట్టిస్తారు. అత్తగారు దాన్ని తమ విత్తనంలో కలిపి నాటుతుంది. రెండిళ్ల పంట కలిసిందని సంబరం. పెద్దమ్మ కొడుకు శివరాజ్‌కు బీదర్ దిక్కు నుంచి పిల్లను తెచ్చారు. పేరు మహానంద. ఆమె ఒడిలోని అల్లాన్నీ అలాగే కలిపి నాటారు. మరుసటి ఏడు పంట తీసి విత్తనం కుప్ప పోశాక, ఎండలు ముదిరే సమయానికి కుప్పంతా సున్నం చల్లినట్టయింది. కొమ్ములు వడలిపోసాగాయి.

ఏ ఇంట్లోనైనా ముందు చూసేది కొత్తగా వచ్చిన మనిషి వైపే. "ఆమె తెచ్చిన విత్తనమే చెడ్డది" అన్నది మొదటి మాట. "ఆమె చెయ్యే మంచిది కాదు" అన్నది రెండో మాట. రెండు మాటల మధ్య వారం కూడా పట్టలేదు. విత్తనం నాటే పని ముగిసేదాకా ఆమె నీడ కుప్ప మీద పడకూడదని, పుట్టింటికి పంపేద్దామని తేల్చారు. నాటే పని అయ్యాక పిలుస్తారా అంటే ఎవరూ చెప్పరు. అలా వెళ్లి, పిలుపు రాక, పుట్టింట్లోనే ఉండిపోయిన ఆడవాళ్లు ఎందరో నాకు తెలుసు. శివరాజ్ పశువుల దగ్గర పని కల్పించుకుని తిరుగుతున్నాడు. మా మగవాళ్ల వీరత్వం ఎక్కువగా కొట్టంలోనే కనిపిస్తుంది.

మహానందే నాకు ఫోన్ చేసింది. "బావా, తెల్లారి మా అన్న వస్తడంట తోల్కపోను. నేనేం చేసిన్నో నాకైతె తెల్వది." అంతే అంది. ఏడవలేదు.

నేను మేడం ఇంటికి పరిగెత్తాను. నాకు కావలసింది ఒక్క వాక్యం. 'ఇది ఈ అమ్మాయి వల్ల కాదు' అని చదువుకున్న ఒక మనిషి పెద్దమ్మ ముందు నిలబడి చెప్పాలి. దారంతా అదే నూరిపోశాను. మేడం ఆటోలో కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని విన్నారు.

పెద్దమ్మ వాకిట్లోనే మొదలుపెట్టింది. "ఏం కొడుకా, పంచాయితీకి టీచరమ్మను గూడ తెచ్చినవా? వకీలు దొరకలేదా?"

"ముందు కుప్ప చూపియ్యక్కా," అన్నారు మేడం. "మనుషులను తర్వాత చూస్త."

పక్క గదిలో ఇసుక మీద కుప్ప, పైన వేపాకు. మేడం నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. ఒక కొమ్ము తీశారు, భూతద్దం పెట్టారు, సూదితో ఒక బిళ్ల లేపారు. మందు వాసన వస్తోందేమని అడిగారు. శివరాజ్ గుమ్మంలోంచి సీసా చూపించాడు. దుకాణంవాడు తెల్లగా ఉందంటే బూజని చెప్పి బూజు మందు అంటగట్టాడు. పైగా వీళ్లు తెల్లగా ఉన్న కొమ్ములను గోనెసంచితో రుద్ది, శుభ్రమైందనుకుని, మళ్లీ కుప్పలోనే కలిపారు.

"పురుగుకు బూజు మందు పోసినవా శివరాజూ? పక్కింటోనికి జ్వరమొస్తె నువ్వు గోలి మింగినట్టున్నది."

పురుగా, ఏ పురుగని పెద్దమ్మ అడిగింది. కదలనిది పురుగెట్లయితదని వాదించింది. మేడం భూతద్దం ఆమె చేతిలో పెట్టారు. పెద్దమ్మ చాలాసేపు చూసి, "థూ, ఒంటికి కాళ్లే లేవు," అంది. ఇదే అదును అనుకున్నాను.

"మేడం, చెప్పండి. ఇది మహానంద తెచ్చింది కాదని."

మేడం తలెత్తి నన్ను చూశారు. "అది నాకెట్ల తెలుస్తది?"

వెంటనే పెద్దమ్మ గొంతు లేచింది. "సూసినవా కొడుకా! చదువుకున్నామె గూడ కాదంటలేదు!" గుమ్మం అవతల మహానంద నిలబడి ఉంది. ఆమె ముఖం వైపు చూడలేకపోయాను. మేడంను ఎందుకు తెచ్చానా అనిపించింది.

మేడం ఏమీ జరగనట్టు, "అక్కా, ఇంట్ల కంద ఉన్నదా?" అని అడిగారు.

కంద అంటే పెద్దమ్మకు గర్వం. ఇంట్లో ఉన్నదల్లా తెచ్చింది. చివరికి అటక మీద మరిచిపోయిన ఒక ఎండుగడ్డ కూడా దించింది. "ఇది మా వాని పెండ్లికి ముందటిది, పారేయాలె," అంది. దాని నిండా అవే బిళ్లలు. మేడం వెలుతురులోకి తీసుకెళ్లి చూశారు. కొన్ని బిళ్లల మీద సూదితో పొడిచినట్టు గుండ్రటి కన్నాలున్నాయి.

"ఇవి పాత ఇండ్లు," అన్నారు. "పురుగు లోపల ఉన్నప్పుడే దాంట్ల చిన్న కందిరీగ గుడ్డు పెట్టింది. దాని పిల్ల పురుగును తిని, పెరిగి, ఈ కన్నం చేస్కొని ఎగిరిపోయింది. ఎప్పటి సంగతో."

నేను ఆగలేదు. "అంటే పెద్దమ్మా, పిల్ల కాపురానికి రాకముందే నీ అటక మీద..."

"నువ్వు ఊకో," అన్నారు మేడం. గొంతు పెంచలేదు. "కోడలిని ఇడిసి ఇగ అత్తను పట్కుంటవా? కంద మీదున్నది, అల్లం మీదున్నది ఒక్కటేనా కాదా ఇంక సూడలే. తోక సూడకుండ నేను చెప్ప." తర్వాత పెద్దమ్మ వైపు తిరిగారు. "అక్కా, నాకు కొన్ని దినాలు పడతది. అప్పటిదాంక ఈ కుప్ప ఇట్లుంటె అంత పోతది. ఒక్కొక్క కొమ్ము తిప్పి తిప్పి సూసి మంచిది ఒక దిక్కు, చెడ్డది ఒక దిక్కు పెట్టాలె. చెడ్డది కాలవెట్టాలె. నీ కండ్లకు ఆనదు. ఈ పిల్ల కండ్లు మంచిగున్నయి. నేను మళ్ల వచ్చిందాక ఈ పిల్ల నాకు కావాలె."

"ఆమె చెయ్యి కుప్ప మీద పడొద్దనే గద..."

"మరి నువ్వు కూసుంటవా? సూడు, ఈ కొమ్ము మీద ఎన్నున్నయో చెప్పు."

పెద్దమ్మ కొమ్మును దూరం పెట్టి చూసింది, దగ్గర పెట్టి చూసింది. నాటే రోజులు దగ్గరపడుతున్నాయి. కుప్ప పోతే ఆ ఏడు పంటే లేదు. "మా దిక్కు పోరగాండ్లకు సదువులొచ్చినయి గని..." అని ఏదో గొణిగింది. మేడం మహానందను లోపలికి పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నారు. సూది చేతికిచ్చారు. తెల్లారి వచ్చిన అన్న, చెల్లెలు కుప్ప ముందు కూర్చుని ఉంటే చూసి, అన్నం తిని, ఒంటరిగా బీదర్ బస్సెక్కాడు.

తిరుగు ప్రయాణంలో నేను ఊరుకోలేదు. "కాదు అని ఒక్క మాటంటే మీ సొమ్మేం పోయేది మేడం? మీ మాట వాళ్లు వినేవాళ్లు. ఆ పిల్లకు ఎంత బలమయ్యేది!"

"నీకు గెలవాలని ఉన్నది. ఆ పిల్లకు ఆ ఇంట్ల ఉండాలని ఉన్నది. రెండు ఒక్కటి కాదు."

"అబద్ధం కూడా కాదు కదా. కందే చెబుతోంది."

"సరె. రేపు ఆమె ఒడిలకెల్లే వచ్చిందని తేలిందనుకో. అప్పుడు పంపొచ్చా?"

నేను రోడ్డు వైపు తిరిగాను.

"చెప్పు. అప్పుడు పంపొచ్చా?"

"పంపొద్దు."

"మరి పంపొద్దనే మాటకు పురుగుతోని సాక్ష్యం ఎందుకయ్యా?"

ఆ తర్వాత స్లైడ్లు చేశారు. కంద మీదిదీ, అల్లం మీదిదీ ఒకటే జాతి. ఆ మాట చెప్పడానికి మళ్లీ మొగుడంపల్లి వెళ్లారు. ఎవరింటినుంచి ఎవరింటికి వచ్చిందో మాత్రం ఈ స్లైడు చెప్పదని, బీదర్ దిక్కు అల్లం మీదా ఇదే ఉంటుందని కూడా చెప్పారు. అప్పటికి ఆ మాట వినే తీరిక ఎవరికీ లేదు. మంచి కొమ్ములు ఏరడం అయిపోయి, నాటే పని మొదలైంది.

ఆమె చెప్పింది నేను ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోను. తెల్లారి బస్సెక్కించే ఇంట్లో అంత నిదానం అందరికీ కుదరదు. అక్కడ ఒక కుప్ప ఉంది, ఏరే పని ఉంది కాబట్టి సరిపోయింది. కుప్ప లేని ఇళ్లలో ఏం చేస్తాం? ఈ ప్రశ్న ఆమెను చాలాసార్లు అడిగాను. అడిగినప్పుడల్లా "ఆ ఇంట్ల ఏమున్నదో ముందు చూస్త," అనేవారు. అది జవాబేనా? కాదని నా వాదన. ఇప్పుడు ఎదురు చెప్పే మనిషి లేకుండా పోయింది. ఎదుటి మనిషి లేని వాదన ఎంత బరువో ఈ వయసులో తెలుస్తోంది.

అంత్యక్రియలు అయ్యాక తమ్ముడు స్లైడ్ల పెట్టెలు చూపించి, "ఇవి ఏం జెయ్యాలె అన్నా?" అని అడిగాడు. తెలిసిన రెండు చోట్లకు ఫోన్ చేశాను. ఒకచోట అలాంటివి చూసేవాళ్లు రిటైరయ్యారని, కొత్తవాళ్లను తీసుకోలేదని చెప్పారు. ఇంకోచోట మెయిల్ పెట్టమన్నారు. పెట్టాను. పొలుసు పురుగు పేరు చెప్పగలవాళ్లు లేని దేశంలో పొలుసు పురుగుకు మందు అమ్మేవాళ్లు మాత్రం ప్రతి సందులో ఉన్నారు. ఈ వాక్యం దగ్గర నాకు కోపం రావాలి. వస్తోంది కానీ, మెట్లెక్కి వచ్చిన మనిషిలా ఆయాసపడుతూ వస్తోంది.

మొన్న మొగుడంపల్లి వెళ్లాను, మహానందకు నేనే స్వయంగా చెప్పాలని. విత్తనం ఏరే రోజులు. వసారాలో తాడిపత్రి పట్టా పరిచి నలుగురైదుగురు ఆడవాళ్లు కుప్ప చుట్టూ కూర్చున్నారు. పెద్దమ్మ గోడకానుకుని ఉంది. చూపు బాగా తగ్గింది. మేడం పోయారని చెప్పాను. మహానంద చేతిలోని కొమ్ము కింద పెట్టలేదు. తిప్పుతూనే ఉంది.

"పోయిన యేడు గూడ వచ్చిన్రు బావా," అంది. "ఏటేట వస్తుండె ఏరే దినాలల్ల. నీకు చెప్పలేదా?"

చెప్పలేదు. 

"వచ్చి, చాయ్ తాగి, మాతోని కూసొని ఏరేటోళ్లు. ఎవ్వల్ని ఏం అడుగకపోతుండె. పోయేటప్పుడు నన్ను జర చూసి పోతుండె, అంతే."

కొమ్ములు కొమ్ముల మీద పడుతున్నాయి. ఉన్నట్టుండి మహానంద చెయ్యి ఆగింది. మణికట్టు మీద ఏదో చూస్తోంది. నేను వంగాను. మొదట ఏమీ కనిపించలేదు. తర్వాత పసుపు రేణువంత చుక్క ఒకటి కదిలింది.

"పిల్ల," అంది మహానంద. "ఇప్పుడే తల్లి కిందికెల్లి బయటికొచ్చింది. మేడమే చూపిచ్చిన్రు. పుట్టినప్పుడు దీనికి కాళ్లుంటయి బావా. ఒక జాగ దొరికిందాక నడుస్తది. దొరికినంక కాళ్లు పోతయి."

"ఏమున్నదే చేతి మీద? పురుగా?" అంది పెద్దమ్మ గోడ దగ్గరనుంచి. "నలిపెయ్, నలిపెయ్."

"ఉండత్తమ్మా," అంది మహానంద, చెయ్యి వెలుతురు వైపు తిప్పి. "నడుస్తున్నది."

చుట్టూ ఉన్న ఆడవాళ్లు కూడా ఏరడం ఆపి ముందుకు వంగారు. ఆ చుక్క చేతి గాజు అంచు దాకా వెళ్లింది, ఆగింది, గాజెక్కి అవతలి వైపు దిగింది.